‘తీర్చ’ దగ్గర ఆగిన ఉలి

రా తల్లీ, ఆ కుర్చీ ఇంకాస్త ఇటు లాక్కుని కూర్చో. నా గొంతు ఇదివరకులా సాగడం లేదు, గట్టిగా మాట్లాడితే దగ్గు తెర వస్తుంది. దగ్గరగా ఉంటే మొత్తం చెబుతాను. మా అక్క సంగతి. నీ పెద్దమ్మమ్మ. నువ్వు పుట్టేసరికే ఆవిడ ముసలిదైపోయింది, నీకు గుర్తున్నది ఆ బోసినవ్వు ఒక్కటే అయి ఉంటుంది. ఆ నవ్వు వెనక ఉన్న కథ ఇది.

మీ తాతయ్య రాళ్ళు చెక్కేవారు. ఇంటి పక్కన రేకుల షెడ్డు ఆయన పనిచోటు. ఎటు చూసినా రాతి పొడి, ఏది ముట్టుకున్నా తెల్లటి మరక. ఆయన కనుబొమ్మల్లో పొడి, టీ గ్లాసులో పొడి, ఆఖరికి నా పక్కబట్టల్లో కూడా అదే. ఆ షెడ్డులో నున్నగా పాలిష్ పట్టిన నల్లరాయి ఒకటి చాలాకాలం గోడకు ఆనించి ఉండేది. దాని మీద మా బావ పేరు, పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం, వాటి కింద ‘నీతిమంతుడుగా తీర్చ’ అని చెక్కి ఉండేది. అంతే. మాట అక్కడితో ఆగిపోయింది. బేరానికి వచ్చినవాళ్ళు దాన్ని చదివి, “తీర్చ అంటే ఆయన ఇంటిపేరా అండీ?” అని అడిగేవారు. మీ తాతయ్యకు ఒళ్ళు మండిపోయేది.

బావ సంగతి ముందు చెప్పాలి. మనిషి మంచి మాటకారి. పదిమందిలో కూర్చుంటే నవ్వించి పొట్ట చెక్కలు చేసేవాడు. పిల్లలిద్దరూ ఇంకా బడికి వెళ్ళే వయసులో ఉండగా అక్కను వదిలేసి, వేరే ఊళ్ళో ఇంకొకావిడతో కాపురం పెట్టాడు. ఒక కబురు లేదు, ఒక పలకరింపు లేదు. అక్క ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పనికి కుదిరింది. వేడి నీళ్ళలో, సోడా ఘాటులో చేతులు నానబెట్టి ఇద్దరినీ పెంచి, పెళ్ళిళ్ళు చేసి పంపింది. అప్పుడొచ్చాడు బావ. జబ్బు ముదిరిపోయి, ఒక గుడ్డసంచి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అక్క పక్కకు జరిగి దారి ఇచ్చింది. ముందుగదిలో మంచం వేసింది. వేళకు తిండి, వేళకు మందు, రోజూ ఉతికిన దుప్పటి. కానీ ఆ మంచం పక్కన ఒక్కసారీ కూర్చోలేదు. గిన్నె పెట్టేది, లోపలికి వెళ్ళిపోయేది. ఆఖరి రోజుల్లో పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేస్తే బావ వెక్కి వెక్కి ఏడ్చి, చేసినవన్నీ ఒప్పుకుని, ఆ రొట్టె ముక్క, ద్రాక్షరసం నోట పెట్టి ప్రభు భోజనం తీసుకున్నాడు. అక్క నీళ్ళ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. తర్వాత కొన్నాళ్ళకే పోయాడు.

మాది లూథరన్ సంఘం కదా. మావాళ్ళకు అన్నిటికన్నా పెద్ద మాట ఒకటుంది. మనిషి తన మంచి పనుల వల్ల కాదు, విశ్వాసం వల్లనే దేవుని ముందు నీతిమంతుడుగా తీర్చబడతాడు అని. ఉగ్గుతో పాటు ఇది కూడా పోసి మమ్మల్ని పెంచారు. అందులో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఆ వాక్యంలో ఉన్న మాటలతోనే వచ్చింది.

అప్పటి పాస్టరుగారు చిన్నవయసువారు. పాస్టరు చదువుకు వెళ్ళకముందు కోర్టులో గుమాస్తాగా చేశారు. చాటున ‘కోర్టయ్యగారు’ అనేవాళ్ళం. మట్టి వేసిన రోజునే ఆయన, మన నమ్మకమంతా ఈ ఒక్క మనిషిలో కనబడుతోంది, ఈయన రాయి మీద ‘నీతిమంతుడుగా తీర్చబడినవాడు’ అని ఉండాలి అన్నారు. అక్కను అడిగితే, ఏదో ఒకటి చెక్కించండి అంది. మీ తాతయ్య పని మొదలుపెట్టారు.

సంఘ పెద్దల్లో పెద్దాయన దిద్దుడు మాస్టారు. చిన్నపిల్లల చెయ్యి పట్టుకుని పలక మీద అక్షరాలు దిద్దించి దిద్దించి ఆ పేరు తెచ్చుకున్నారు. మాలో సగంమంది చేతిరాత ఆయనదే. ఎవరు చెప్పారో, మీ తాతయ్య ‘తీర్చ’ దాకా చెక్కి ‘బ’ మీద ఉలి ఆనించేసరికి గొడుగు టకటకలాడించుకుంటూ షెడ్డులోకి వచ్చారు.

“ఉలి ఆపవయ్యా. ఎవర్ని నీతిమంతుడంటున్నావ్? పెళ్ళాం పిల్లల్ని నడివీధిలో వదిలేసి పోయినవాణ్ణా?”

“నాదేముంది మాస్టారూ. అయ్యగారు రాసిచ్చారు, చెక్కుతున్నాను.”

“తీర్చడమంటే ఏంటి? తీర్చిదిద్దడం. వంకర గీతని చక్కగా చెయ్యడం. వాడిలో ఏం చక్కబడిందో చెప్పు, నేనే నీకు సుత్తి అందిస్తా.” వెళుతూ వెళుతూ రాయి మీదికి వంగి, ఆ తలకట్టు కూడా కాస్త వంకరగానే ఉందని చెప్పి మరీ వెళ్ళారు.

పాస్టరుగారికి తెలిసింది. తీర్చడం అంటే తీర్పు అన్నారు ఆయన. జడ్జి నిర్దోషి అన్నాడంటే ముద్దాయి నిర్దోషే, బయటికి నడిచి వెళ్ళిపోవచ్చు, ఒంటి మీద చొక్కా అదే మాసిన చొక్కా కావచ్చు. దిద్దడం గిద్దడం తర్వాతి మాట. ముందు తీర్పు. అలా ఒకరికి పలక కనబడింది, ఇంకొకరికి కోర్టు కనబడింది. మధ్యలో మా రాయి ఇరుక్కుంది. మీ తాతయ్య నాతో అన్నారు, ఆ తలకట్టును కాస్త వంచి గుడి చేస్తే ‘తీర్చి’ అవుతుంది, అది మాస్టారి మాట. పక్కన ‘బ’ పెడితే అయ్యగారి మాట. ఏది చెక్కినా సగం ఊరు నా దగ్గర రాయి కొనదు అని. ఉలి గూట్లో పెట్టేశారు.

అంతటితో ఆగిందా? ‘విశ్వాసం’ అనే మాట దగ్గర ఇంకో గొడవ లేచింది. మాస్టారు ఏమనేవారంటే, విశ్వాసం గల కుక్క అంటాం, విశ్వాసంగా పనిచేశాడు అంటాం. కట్టుకున్నదాన్ని విడవకపోవడం, ఇచ్చిన మాట మీద నిలబడడం, అదీ విశ్వాసం. వీధికుక్కకున్నపాటిది కూడా వాడికి లేదు, ఇక దేని మూలాన నీతిమంతుడయ్యాడు? పాస్టరుగారు తల పట్టుకునేవారు. విశ్వాసమంటే మనం దేవుడి పట్ల నమ్మకంగా ఉండడం కాదు, ఏమీ లేని చేతులతో క్రీస్తును పట్టుకోవడం. అసలు విడవకుండా పట్టుకున్నది మనం కాదు, క్రీస్తు అనేవారు. నాకు ఇద్దరి మాటా బాగానే ఉన్నట్టుండేది. ఆ మాట అంటే ఇద్దరూ నా మీద ఒంటికాలి మీద లేచేవారు.

ఆ గొడవ ఇంటింటికీ పాకింది. మందిరంలో కుడి పక్క కుర్చీలు తీర్పువాళ్ళవి, ఎడమ పక్కవి దిద్దుబాటువాళ్ళవి అయిపోయాయి. ప్రభు భోజనం గిన్నెలు కడిగే ఆడవాళ్ళం సింకు దగ్గర పక్కపక్కనే నిలబడి, నీళ్ళు చిమ్మకు అన్న మాట తప్ప ఇంకో మాట అనుకోవడం మానేశాం. ఒకసారి మీటింగులో వాదన సాగి సాగి ఎవరికీ ఊపిరాడనప్పుడు మీ తాతయ్య లేచి, “నాకు తెలిసిన తీర్చడం దాహం తీర్చడం ఒక్కటే, ఎవరైనా కాస్త టీ పొయ్యండి” అన్నారు. ఒక్కరూ నవ్వలేదు. అంత ముదిరింది.

ఆఖరికి ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, రాయి సంగతి తేల్చేస్తామని అందరినీ వెనక హాల్లో కూర్చోబెట్టారు. అక్క చివరి వరసలో బల్ల మీది తెల్లగుడ్డ మడత పెడుతోంది. పాస్టరుగారు లేచి అక్క వైపు చెయ్యి చూపించారు. అంత అన్యాయం జరిగిన ఆ తల్లే క్షమించింది, దేవుడు క్షమించాడు, ఇక మనమెవరం అన్నారు. మాస్టారు లేచి ఆయన కూడా అక్క వైపే చెయ్యి చూపించారు. విశ్వాసమంటే ఇదిగో ఇలా కంటికి కనబడాలి. ఇన్నేళ్ళు నిలబడింది, క్షమించి చేర్చుకుంది. ఆ నీతి రేపు ఈవిడ రాయి మీద చెక్కండి, నేను ఒప్పుకుంటాను అన్నారు. ఇద్దరూ ఎడాపెడా అక్కనే వేలెత్తి చూపిస్తున్నారు. ఆవిడ మాత్రం గుడ్డ అంచులు కలుపుకుంటోంది.

“నేను క్షమించానని మీతో ఎవరు చెప్పారు?” అంది.

గట్టిగా అనలేదు. మామూలుగానే అంది. కానీ హాలంతా వినబడింది.

“తిండి పెట్టాను. మంచం వేశాను. ఒళ్ళు తుడిచాను. క్షమించలేదు. ప్రభు ప్రార్థనలో ‘మేము క్షమించిన ప్రకారము మమ్మల్ని క్షమించు’ అన్న మాట వచ్చినప్పుడు నేను నోరు మూసుకుంటాను. పక్కన నిలబడేది మా చెల్లెలే. దాన్ని అడగండి.”

అందరూ నా వైపు తిరిగారు. నేను తల ఊపాను. అబద్ధం కాదు కదా.

పాస్టరుగారు మెల్లగా, “ప్రయత్నం చేస్తున్నారు కదమ్మా?” అన్నారు.

“లేదండి. ఆయన పోయేముందు దేవుణ్ణి అడిగాడు, మిమ్మల్ని అడిగాడు. నన్ను అడగలేదు. నేను ఆ గుమ్మంలోనే ఉన్నాను.” గుడ్డ తీసి అలమరలో పెట్టి ఇంటికి వెళ్ళిపోయింది.

చూడు తల్లీ, ఇక్కడే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. రాయి సంగతి అందరూ మరిచిపోయారు. క్షమించనిది ప్రభు భోజనానికి ఎలా వస్తుందని గొడవంతా అక్క మీదకు తిరిగింది. పైవారం ప్రభు భోజనం. మేమిద్దరం ఎప్పటిలాగే బలిపీఠం ముందున్న కటకటాల దగ్గర పక్కపక్కన మోకరించాం. అక్క చేతులు చాపింది. సోడాకు పగిలి, గోళ్ళ చుట్టూ తెల్లబారిన చేతులు. పాస్టరుగారు నా చేతిలో రొట్టె పెట్టారు. అక్క ముందు ఒక్క క్షణం ఆగారు. తర్వాత పక్కావిడ దగ్గరకు జరిగిపోయారు. అక్క చేతులు అలాగే ఉన్నాయి. అందరూ లేచేదాకా అలాగే ఉండి, ఆ ఖాళీ చేతులు కొంగుకు తుడుచుకుని లేచింది.

ఆ మనిషికి మిగిలిన సుఖం అదొక్కటే తల్లీ. వారమంతా ఆవిరిలో ఉడికి, ఆదివారం ఆ కాస్త రొట్టె ముక్క కోసం జుట్టు దువ్వుకుని వచ్చేది. దాన్ని కాస్తా ఆపేశారు. ఊరంతా చెడ్డవాడన్నవాడు తిని పోయాడు. ఎక్కడికీ పోనిదానికి లేదు.

నేను ఊరుకోలేదు. ఆ సాయంత్రమే పాస్టరుగారి ఇంటికి వెళ్ళి గుమ్మంలోనే అడిగేశాను. “పనుల వల్ల కాదు, పనుల వల్ల కాదు అని చెవుల్లో ఊదరగొడతారు కదా, క్షమించడం పని కాదా అయ్యగారూ? మా అక్క ఆ పని చెయ్యలేకపోయింది. అయితే ఏం?” నేనేదో పెద్ద మాట అన్నాననుకున్నాను. ఆయన నిజంగానే కుర్చీలో కూర్చుండిపోయారు. ఇక తేలిపోయిందని సంబరపడుతూ ఇంటికొచ్చాను. ఏం తేలింది? మర్నాటికి అది మాస్టారి చెవిన పడింది. క్షమించడం పనా, విశ్వాసానికి కాసిన పండా, పండు కాయకపోతే చెట్టు చచ్చినట్టా కాదా అని ఇంకో పెద్ద వాదన. నా నోటితో నేనే ఇంకాస్త కిరసనాయిలు పోసినట్టయింది. అన్నాళ్ళుగా ఒక్క మాట మీదికి రాని ఇద్దరూ ఒక్క సంగతిలో మాత్రం కలిశారు. ఏదో ఒకటి తేలేదాకా ఆవిడ ఆగాలి అని. అందులో ఒకరికొకరు ఎంత మర్యాదగా తల ఊపుకున్నారో!

అక్క మా షెడ్డుకు వచ్చింది. రాయి ముందు నిలబడి, కింది వరస వేలితో తడిమింది. ‘దీన్ని అరగదీసెయ్యి మరిదీ, పేరూ ఏళ్ళూ చాలు’ అంది. మీ తాతయ్య పాస్టరుగారికి చెప్పాలి, మాస్టారికి చెప్పాలి అని నసిగారు. రాయి వాళ్ళ మొగుడిదా అంది అక్క. ఆయన ఉలి గూట్లోంచి తీశారు. కింది వరసను చదును చేసి, మళ్ళీ పాలిష్ పట్టి, తోపుడుబండి మీద తీసుకెళ్ళి పాతి వచ్చారు. వెలుతురు వాలుగా పడితే అక్కడ కాస్త గుంటగా కనబడేది, అంతే. ఆశ్చర్యమేమిటంటే, రాయి పాతిన సంగతి కుడి పక్కవాళ్ళూ ఎడమ పక్కవాళ్ళూ చాలా వారాలు గమనించనేలేదు.

అక్క మాత్రం ప్రతిసారీ వచ్చి మోకరించేది. వద్దే, ఎందుకీ అవమానం, నా మాట విని వెనక కూర్చో అని నేను పోరేదాన్ని. ‘ఆపడం ఆయన పని, రావడం నాది’ అనేది. పాస్టరుగారు రోజురోజుకూ చిక్కిపోయారు.

ఒక మధ్యాహ్నం నేను అక్కకు తిండి డబ్బా ఇవ్వడానికి ఆసుపత్రి బట్టల గదికి వెళ్ళాను. పెద్ద పెద్ద డోలు మిషన్లు గుడగుడమంటూ తిరుగుతున్నాయి. గది నిండా ఆవిరి, ఇస్త్రీ వాసన. నేను దిండు గలీబుల మూట మీద కూర్చున్నానో లేదో, పాస్టరుగారు వచ్చారు. చేతిలో జబ్బుపడ్డవాళ్ళకు ఇంటి దగ్గర ప్రభు భోజనం ఇచ్చే చిన్న పెట్టె. అక్క ఆయన్ని చూసి, ఇవాళ నా జోడీ రాలేదు, ఆ పెట్టె అక్కడ పెట్టి దుప్పటి కొసలు పట్టుకోండి అంది. పాపం పట్టుకున్నారు. దుప్పటి మడతకు ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, లాగి, దగ్గరకు రావాలి, కొసలు కలపాలి, మళ్ళీ వెనక్కి వెళ్ళాలి. దగ్గరకు వచ్చినప్పుడల్లా ఒక మాట.

“సామాన్లు తెచ్చానమ్మా. ఇక్కడే ఇచ్చేస్తాను.”

“మీకు తేలిందా?”

“తేలలేదు. నాకు నిద్ర పట్టడం లేదు.”

“అయితే మీ నిద్ర కోసం తెచ్చారన్నమాట.”

ఆయన మొహం కందిపోయింది. ఇంకో దుప్పటి తీశారు.

“క్షమించాలని ఉంది అని ఒక్క మాట అనండి. క్షమించానని కాదు, ఉంది అని. నాకు అది చాలు. మాస్టారివాళ్ళకి కూడా సర్దిచెప్పుకుంటాను.”

అక్క కొసలు పట్టుకుని నిలబడిపోయింది. నిజంగా లోపల వెతుక్కుంటున్నట్టు చూసింది. “లేదండి. అబద్ధం చెప్పి తినమంటారా?”

“మరైతే ఇలాగే తీసుకోండి. ఎవరూ చూడరు.”

“ఎవరూ చూడకుండా ఆపారా? అందరి ముందూ ఆపారు. పెడితే అక్కడే పెట్టండి. ఈ మూటల మధ్య దొంగతిండి నాకొద్దు.”

మాస్టారివాళ్ళు సంఘంలోంచి లేచిపోతారని ఆయన చాలా నెమ్మదిగా అన్నారు. ఆయన పెట్టె తీసుకుని వెళ్ళిపోయాక, ఆయన మడిచిన దుప్పట్లన్నీ విప్పి మళ్ళీ మడత పెట్టుకుంది.

తర్వాతి ఆదివారం ప్రార్థన దగ్గర అందరం నిలబడ్డాం. ఆ క్షమించే మాట వచ్చింది. అక్క పెదాలు బిగించుకుంది. ఎప్పుడూ కళ్ళు మూసుకుని చేయించే పాస్టరుగారు ఆవేళ కళ్ళు తెరిచి అక్కనే చూస్తున్నారు. ఆయన గొంతు కూడా ఆగిపోయింది. సంఘం ఆయన్ని వదిలేసి ముందుకు చదువుకుంటూ పోయింది. మేం వెళ్ళి మోకరించాం. నాకు పెట్టారు. అక్క ముందు ఆగారు. ‘నీ కొరకు’ అన్నారు. ‘ఇయ్యబడిన క్రీస్తు శరీరం’ అన్న మిగతా మాట అనలేదు. రొట్టె అక్క చేతిలో పెట్టారు. అక్క తిన్నది. గిన్నె వచ్చింది, తాగింది. తల వంచుకుని కూర్చుంది. ఏడవలేదు, నవ్వలేదు. బాగా ఆకలేసినవాళ్ళు తిన్నాక ఎలా ఉంటారో అలా ఉంది.

వెనక కుర్చీలు చప్పుడయ్యాయి. మాస్టారు లేచారు. కోపంతో కాదు తల్లీ, ఆయన కళ్ళలో నీళ్ళు నేను చూశాను. ఆయన నిజంగానే నమ్మింది అది. గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. ఆయన వెనక ఎడమ పక్క చాలా కుర్చీలు ఖాళీ అయ్యాయి. వాళ్ళు వేరే హాలు చూసుకుని వేరే సంఘం పెట్టుకున్నారు. పైవాళ్ళకు ఫిర్యాదు వెళ్ళింది, పాస్టరుగారిని బదిలీ చేశారు. ఏం తేలిందని అడుగుతావేమో. ఏమీ తేలలేదు. ఇవాళ్టికీ రెండు సంఘాలూ ఆ రెండు మాటల మీదే కొట్టుకుంటున్నాయి.

నాకు కోపం దానికి కాదు. ఈ కథను వాళ్ళు ఏం చేశారో దానికి. పాస్టరుగారి పక్కవాళ్ళు ఎలా చెప్పుకుంటారో తెలుసా? దేవుని తీర్పు విని అక్క గుండె కరిగి, బావను క్షమించి, వచ్చి భోజనం తీసుకుందట. మాస్టారి పక్కవాళ్ళేమో, కొన్నాళ్ళు ఆపడం వల్లే ఆవిడ మనసు దిద్దుకుని, క్షమించి, అప్పుడు తీసుకుందంటారు. అన్నింట్లో విడిపోయినవాళ్ళు మళ్ళీ ఇందులో కలిశారు చూడు. ఇద్దరూ క్షమించడాన్ని ముందు పెట్టారు. ఆఖరికి అక్కను మట్టి చేసిన రోజున కొత్తగా వచ్చిన పాస్టరు కూడా అదే చెప్పాడు. అది కాదయ్యా అని నేను లేచాను. పెద్దావిడ, దుఃఖంలో ఉన్నారు, కూర్చోబెట్టండి అన్నారు. భుజాలు పట్టి కూర్చోబెట్టారు.

తర్వాత ఎప్పుడైనా క్షమించిందా అంటే నాకు తెలియదు. నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. నాకు తెలిసింది ఆ ఆదివారం. పక్కనే ఉన్నాను కదా, మోచెయ్యి మోచెయ్యి తగిలేంత దగ్గరగా. క్షమించకుండానే చేతులు చాపింది. క్షమించకుండానే తిన్నది. ఆయన పెట్టాడు. వరస అదీ. నన్నైతే కూర్చోబెట్టారు గానీ, నిన్ను ఎవరు కూర్చోబెడతారు? గుర్తుపెట్టుకో తల్లీ. నీ పిల్లలకు చెప్పేటప్పుడు వరస మార్చకుండా చెప్పు.